రిబ్కా చెవిన పడిన మాట

[తెరపై: గుడారం బయట ఒక స్త్రీ నీడ. లోపలి నుంచి వృద్ధుడి గొంతు.]

వ్యాఖ్యాత: ఇస్సాకుకు చూపు మందగించింది. పెద్ద కొడుకు ఏశావును పిలిచి, వేటాడి మాంసం వండి తెస్తే ఆశీర్వదిస్తానని చెబుతున్నాడు. కుటుంబం రాతను మార్చే మాట ఇది. భార్య రిబ్కాకు ఎలా తెలిసింది? భర్త చెప్పలేదు. ఆయన కొడుకుతో అంటుండగా ఆమె విన్నది. బైబిలులోని ఆదికాండము 27వ అధ్యాయం మొదలయ్యేది ఇలాగే.

పిల్లల పెంపకంపై ప్రసంగం అనగానే చాలామంది సామెతలు 22:6 తెరుస్తారు. బాలుడికి నడవవలసిన త్రోవ నేర్పమనే వాక్యం. మంచి వాక్యమే. కానీ సామెత అనుభవసారమే తప్ప పూచీకత్తు కాదు. దారి తప్పిన బిడ్డ కోసం ఏడుస్తున్న తల్లి ముందు దాన్ని వల్లించేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. అందుకే నేను ఈ గుడారం దగ్గర మొదలుపెట్టాను.

[తెరపై: 40 – 60]

ఇది ప్రేమలేని కాపురమేమీ కాదు. ఇస్సాకు నలభయ్యో ఏట పెళ్లి చేసుకున్నాడు, భార్యను ప్రేమించాడు. పిల్లలు లేకపోతే ఆమె కోసం దేవుణ్ణి వేడుకున్నాడు. కవలలు పుట్టేసరికి ఆయనకు అరవై ఏళ్లు. ఇరవై ఏళ్ల ఎదురుచూపును కలిసి దాటిన దంపతులు, పిల్లలు పెరిగాక చెరొకరిని పంచుకున్నారు. తండ్రికి ఏశావు, తల్లికి యాకోబు. ఆ తర్వాత యాకోబు ఏశావులా నటించి, అన్నకు దక్కాల్సిన ఆశీర్వాదాన్ని తండ్రి దగ్గర మోసంతో తీసుకున్నాడు. తడిమితే ఏశావు వెంట్రుకల చేతుల్లా తోచేలా అతనికి మేకపిల్లల చర్మాలు తొడిగింది తల్లే.

[తెరపై: పాత చేతిరాత ప్రతి, ఎక్కడా అధ్యాయాల అంకెలు లేవు]

ఇప్పుడు అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు, అంటే ఎఫెసు పట్టణంలోని క్రైస్తవులకు, రాసిన పత్రికకు వద్దాం. భార్యాభర్తల మాట 5వ అధ్యాయంలో, పిల్లల మాట 6వ అధ్యాయంలో ఉంది కాబట్టి వాటిని రెండు పాఠాలుగా చదువుతాం. ఈ అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. మొదట చదివిన సంఘానికి అది తెగని ఒకే ఉత్తరం. ఒకరికొకరు లోబడమన్న మాట, ప్రాణం పెట్టేంతగా భార్యను ప్రేమించమన్న మాట చెవుల్లో మోగుతుండగానే వారు ఇది విన్నారు:

[తెరపై: “తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక ప్రభువు యొక్క శిక్షలోను బోధలోను వారిని పెంచుడి.”]

ఇందులో ‘శిక్ష’ అన్న మాట మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఈ రోజు ఆ మాట వింటే దెబ్బలు, జైలు గుర్తొస్తాయి. గ్రీకు మూలంలో ఉన్నది ‘పైడేయా’. పిల్లవాణ్ణి తీర్చిదిద్దే పని అంతా అందులోకి వస్తుంది. దిద్దడం, మందలించడం కూడా. మన ‘శిక్షణ’, ‘శిక్షకుడు’ అన్న మాటల్లో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. పైగా రోమా చట్టం తండ్రికి పిల్లలపై అపారమైన అధికారం ఇచ్చిన రోజుల్లో, కోపం రేపవద్దని పౌలు హెచ్చరించింది ఆ తండ్రినే.

[తెరపై: ఇంట్లో చిన్నపిల్ల, అమ్మానాన్నల మధ్య]

నాన్న వద్దన్నది అమ్మ దగ్గర దొరుకుతుందని నాలుగేళ్ల పిల్లకు కూడా తెలుసు. “నాన్నతో మాట్లాడి చెబుతాను” అన్న ఒక్క మాట చాలా గొడవలను ఆపుతుంది. అభిప్రాయభేదాలను పూర్తిగా దాచమని నేను అనను. మీరు విభేదించడం పిల్లలు చూశారంటే, రాజీపడి క్షమాపణ అడగడం కూడా చూడాలి. తండ్రి “నేను తప్పుగా అరిచాను” అని బిడ్డతో అంటే ఆయన గౌరవం తగ్గదు. అయితే ఒకమాట మీద ఉండడమంటే, ఒకరు బిడ్డను గాయపరుస్తుంటే మరొకరు నోరు మూసుకోవడం కాదు. అక్కడ అడ్డుపడాలి, బయటి సాయం కోరాలి.

[తెరపై: మళ్లీ గుడారం. దూరంగా నడిచిపోతున్న యువకుడు]

27వ అధ్యాయంలో రిబ్కా భర్తతో మాట్లాడినట్టు కనిపించేది చివరి వచనంలోనే. అప్పటికే ఏశావు తమ్ముణ్ణి చంపాలనుకుంటున్నాడని ఆమెకు తెలుసు. ఆ సంగతి ఎత్తకుండా, హేతు కుమార్తెల వల్ల (ఏశావు భార్యలు ఆ జాతివారే) ప్రాణం విసిగిందని, యాకోబు కూడా అలాంటి అమ్మాయిని చేసుకుంటే తాను బతికి ఏం లాభమని అన్నది. యాకోబుతో మాత్రం, అన్న కోపం చల్లారేవరకు కొన్నాళ్లు తన సోదరుడు లాబాను ఇంట్లో ఉండమని చెప్పింది.

ఆ కొన్నాళ్లు ఇరవై ఏళ్లయ్యాయి. తల్లీకొడుకులు మళ్లీ కలిసినట్టు బైబిలు ఎక్కడా చెప్పదు.