శాలువాలు చాలు, కాలు సంగతి చూద్దాం

అందరికీ నమస్కారం. ముగ్గుల పోటీ బహుమతులు ఇచ్చేదాకా ఎవరూ కదలరని తెలిసే కమిటీ వాళ్లు నాకు మైకు ఇప్పుడిచ్చారు, అందుకని తొందరగానే ముగిస్తా.

మా బావ తెలుసు కదా, మాజీ సైనికుడు, మన ఒంగోలులోనే చిన్న కిరాణా కొట్టు. సొంతూరు గిద్దలూరు దగ్గర పల్లె. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్ అని సైన్యాన్ని సరిహద్దుకు పంపారు, గుర్తుందా? పది నెలలు ఎదురెదురుగా నిలబడ్డారు, చివరికి యుద్ధమే జరగలేదు. కానీ మన వైపు పాతిన మందుపాతరలు పేలి మనవాళ్లే వందల్లో దెబ్బతిన్నారు. బావ ఎడమ కాలు మోకాలి కింద నుంచి అట్టా పోయిందే.

ప్రతి జనవరి 26కీ ఎవరో ఒకరు పిలిచి శాలువా కప్పుతారు. మొన్న పండక్కి బూజు దులుపుతూ అక్క లెక్కపెడితే పంతొమ్మిది తేలాయి. పెట్టుడు కాలు ఒకసారి పెడితే జీవితాంతం ఉంటుందనుకుంటారు మనోళ్లు. ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ మొండికాలు సన్నబడి, అది కూర్చునే సాకెట్టు వదులవుతుంది. ఆ వదులు పూడ్చడానికి బావ ఒకదాని మీద ఒకటి నాలుగు మేజోళ్లు తొడుగుతాడు, మన మే నెల ఎండల్లో నాలుగు మేజోళ్లు! రాత్రి కొట్టు కట్టేసి కాలు ఊడదీస్తే చెమట కారుతుంది, చర్మం ఒరిసి పుండైతే ఆ వారమంతా కర్రలే.

సైన్యానికి పూణేలో 1944 నుంచి కృత్రిమ అవయవాల కేంద్రం ఉంది, కాలు అక్కడ చేసిస్తారు. పోనూ రానూ ఛార్జీలు, తోడు ఒక మనిషి, ఉన్నన్నాళ్లు ఇక్కడ కొట్టు మూత... అదీ అసలు ఇబ్బంది. 1965 యుద్ధంలో తూటాలు తిన్న మురళీకాంత్ పేట్కర్ 1972 పారాలింపిక్స్ ఈతలో బంగారు పతకం తెచ్చాడని మొన్న ఎవరో బావకు ఉత్సాహంగా చెప్పారు. బావకు ఈత రాదు.

ఇక చందాలు. పోయినేడు ఇద్దరు కుర్రాళ్లు గాయపడ్డ జవాన్ల కోసమని మన వీధికొచ్చారు. 500 ఇచ్చి రసీదు అడిగితే తర్వాత పంపుతామన్నారు, ఇంకా రాలేదు. ఇవ్వాలనుంటే సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి ఉంది. 1949 నుంచి ప్రతి డిసెంబరు 7న జెండా చొక్కాకు గుచ్చుకుని డబ్బాలో పదో పరకో వేస్తామే, అదే. ఆ ఒక్కరోజే ఇవ్వాలనేం లేదు, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉంది. ఎట్టా కట్టాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు.

ఇక్కడ డబ్బా పెట్టలేదు, కావాలనే. పండక్కి ఊళ్లకు పోతున్నారు కదా, అక్కడ ఇట్టాంటి మాజీ సైనికుడు ఉంటే శాలువా తీసుకుపోకండి, కాలు వదులైందా అని అడగండి. బావ ఫిబ్రవరిలో పూణే పోతున్నాడు, తోడు నేను. కొట్టు చూసుకోడానికి మనిషి దొరకలేదు, ఖాళీగా ఉన్న పిల్లోడెవరైనా ఉంటే నేను స్టేజీ దిగాక చెప్పండి.