సమాధి రాయి మీద రాసినా తప్పు తప్పే

అందరికీ నమస్కారం. ఇవాళ జాన్ హౌలాండ్ గురించి చెప్తాను. 1620లో మేఫ్లవర్ ఓడలో ఇంగ్లాండ్ నుంచి అమెరికాకి వెళ్ళిన 102 మందిలో ఒకడు, పెద్దింటివాడేం కాదు, వాళ్ళక్కడ పెట్టుకున్న ప్లిమత్ వలసకి మొదటి గవర్నర్ అయిన జాన్ కార్వర్ దగ్గర పనికి కుదిరిన కుర్రాడు. తుఫానులో డెక్ మీదకొచ్చి సముద్రంలో పడిపోయాడు, వేలాడుతున్న తాడొకటి చేతికి చిక్కింది కాబట్టి బతికాడు.

ఆయన భార్య ఎలిజబెత్. ఆవిడ గవర్నర్ కార్వర్ కూతురని వాళ్ళ వంశంలో తరాల తరబడి చెప్పుకున్నారు, ప్లిమత్‌లో సమాధి రాయి మీద కూడా అదే చెక్కించారు. నమ్మడానికి వీలుగానే ఉంది మరి, హౌలాండ్ ఉన్నది కార్వర్ ఇంట్లోనే, పైగా గవర్నర్ గారి అల్లుడంటే ఎవరికి చేదు?

అది తప్పని తేల్చింది ఒక రాతప్రతి. తర్వాత గవర్నర్ అయిన విలియమ్ బ్రాడ్‌ఫర్డ్ చేత్తో రాసుకున్న చరిత్ర అది, బోస్టన్‌లోని ఓల్డ్ సౌత్ చర్చిలో ఉండేది, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రోజుల్లో మాయమైంది, చివరికి 1855లో లండన్ బిషప్ గారి ఫుల్‌హామ్ ప్యాలెస్ లైబ్రరీలో ఉందని తెలిసి మరుసటేడు అచ్చయింది. దాంట్లో ఓడలో ఎవరెవరొచ్చారు, ఎవరు పోయారు, ఎవరికెంతమంది పిల్లలు అని బ్రాడ్‌ఫర్డ్ లిస్టు రాసిపెట్టాడు. హౌలాండ్ పెళ్ళాడింది జాన్ టిల్లీ కూతుర్ని, పదిమంది పిల్లలు, అందరూ బతికే ఉన్నారు అని స్పష్టంగా ఉంది. వాళ్ళని రోజూ చూసిన మనిషి రాసిన మాట అది!

టిల్లీ పేరు దొరికాక దారి ఇంగ్లాండ్‌కి తిరిగింది. అక్కడ 1538 నుంచి ప్రతి చర్చిలో బాప్టిజం, పెళ్ళి, ఖననం రిజిస్టర్లో ఎక్కించాలని రూలు. బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని హెన్లో ఊరి రిజిస్టర్లో 1607 ఆగస్టు 30న ఎలిజబెత్ బాప్టిజం ఉంది. అంటే ఓడెక్కినప్పుడు పదమూడేళ్ళ పిల్ల, మొదటి చలికాలంలోనే అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు మనసు పాడైపోతుంది.

తేదీల దగ్గర మాత్రం జాగ్రత్తండీ. 1752 దాకా ఇంగ్లాండ్‌లో, దాని వలసల్లో కూడా, కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. హౌలాండ్ పోయింది ఫిబ్రవరి 23న, వాళ్ళ లెక్కలో 1672, మన లెక్కలో 1673, అందుకే రెండూ కలిపి 1672/73 అని రాస్తారు, ఇది తెలియకపోతే తండ్రి పోయిన ఏడాదికి ముందే కొడుకు ఆస్తి పంచుకున్నట్టు కనిపిస్తుంది.

ఇక కిందికి, అంటే పిల్లల వైపు రావాలంటే నాకు వీలునామాలే ఇష్టం. ఎలిజబెత్ 1686 డిసెంబర్‌లో రాయించిన వీలునామాలో కొడుకులకీ కూతుళ్ళకీ పుస్తకాలు, పరుపులు, దుప్పట్లు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి ఇచ్చింది. కూతుళ్ళ పేర్ల పక్కన అత్తింటి పేర్లున్నాయి, లిడియా బ్రౌన్, ఎలిజబెత్ డికిన్సన్ అని. తర్వాతి తరాన్ని వెతికేవాళ్ళు అక్కణ్ణుంచే మొదలుపెడతారు.