వేడి ఎంతో చెప్పారు, ఆక్సిజన్ ఎంతో చెప్పలేదు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు అధ్యక్షులు ఇప్పటికే చదివారు కాబట్టి నేను మళ్లీ చదవను. నాకిచ్చిన అంశం "వేడి వాతావరణంలో ఇంధన జ్వాలలు, మసి". ఇందులో ఒక మాట తక్కువైంది. ఆక్సిజన్ పలచబడిన వేడి వాతావరణం అనాలి. ఆ మాట చేర్చడం కోసమే నేను ఇక్కడికి వచ్చాను.

మామూలు గాలిలో ఆక్సిజన్ ఘనపరిమాణంలో 21 శాతం ఉంటుంది. సన్నని గొట్టంలోంచి ఇథిలీన్ లాంటి ఇంధనాన్ని వదిలి వెలిగిస్తే పసుపు మంట వస్తుంది. ఆ పసుపు మసి వల్ల వచ్చేదే. ఆక్సిజన్ అందని లోపలి భాగంలో ఇంధనం వేడికి విరిగి అసిటిలీన్ వస్తుంది. దాన్నుంచి ఆరు కర్బన పరమాణువులుండే బెంజీన్ వలయాలు, వలయాలు కలిసి పెద్ద అణువులు, అవి గుమిగూడి నానోమీటర్లలో కొలిచే రేణువులు పుడతాయి. ఆ రేణువులే కాగి మెరుస్తాయి. కొవ్వొత్తి వెలుగు కాగిన కర్బన రేణువులదేనని మైకేల్ ఫారడే 19వ శతాబ్దంలోనే తన ప్రసంగాల్లో చూపించాడు.

సరే, ఇప్పుడు అదే ఇంధన ధారను 1300 కెల్విన్ (అంటే సుమారు 1030 డిగ్రీల సెల్సియస్) దగ్గరున్న వాయువుల్లోకి వదలండి. వాటిలో ఆక్సిజన్ 3 శాతమే ఉండాలి. అగ్గి పెట్టాల్సిన పని లేదు, కలిసిన చోటే మండుతుంది. డాలీ, కార్పెటిస్, బార్లో అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన ప్రయోగంలో మీథేన్, హైడ్రోజన్ కలిపిన ధారను ఇలాగే వదిలారు. చుట్టూ ఉన్న వాయువుల్లో ఆక్సిజన్ ద్రవ్యరాశి ప్రకారం 9, 6, 3 శాతం. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మండే చోట ఉష్ణోగ్రత పెరుగుదల 100 కెల్విన్ దాకా పడిపోయింది. మామూలు గాలిలో మంట అయితే చుట్టూ ఉన్న గాలి కంటే వెయ్యి కెల్విన్‌కు పైగానే ఎక్కువ వేడెక్కుతుంది కదా! ఈ తేడా చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక్కడ నాకు బాగా ఇష్టమైన సంఘటన ఒకటి చెప్పాలి, టైమ్ అయిపోతున్నా సరే. 1989లో వ్యూనింగ్ అనే జర్మన్ ఇంజనీర్ ఒక బర్నర్‌ను పరీక్షిస్తున్నాడు. ఫర్నేస్ 1000 డిగ్రీల సెల్సియస్‌లో ఉంది, గాలిని ముందే సుమారు 650 డిగ్రీలకు వేడి చేశారు. ఉన్నట్టుండి మంట కనిపించలేదు. మంటను పసిగట్టే అల్ట్రావయొలెట్ సెన్సార్‌కు సిగ్నల్ లేదు. ఎవరైనా ఆరిపోయిందనే అనుకుంటారు. కానీ ఇంధనం పూర్తిగా మండుతోంది, పొగగొట్టంలో కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల వంతుల్లో ఒక వంతు కూడా లేదు, నైట్రోజన్ ఆక్సైడ్లు దాదాపు సున్నా. కంటికి కనిపించకపోయినా లెక్క సరిపోయింది. ఇక్కడా ఫర్నేస్‌లో మండిన వాయువులు కలిసి ఆక్సిజన్ పలచబడింది.

నేను ఈ మంటల మీద ఒక ప్రతిపాదన పెట్టినప్పుడు ఒక కమిటీ సభ్యుడు, "మంటే కనిపించనప్పుడు కొలవడానికి ఏముంది?" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. కొలవాల్సింది అక్కడే ఉందండీ! మెరుపు తగ్గిందంటే మసి తగ్గి ఉండొచ్చు, లేదా మసి ఉన్నా చల్లబడి ఉండొచ్చు. లేజర్ లాంటి వాటితో కొలవకుండా ఈ రెంటినీ విడదీయలేం.

అసలు చిక్కు ఇది. వేడి, పలచదనం అనే రెండూ ఎదురెదురుగా పనిచేస్తాయి. చుట్టూ వేడి పెంచితే ఇంధనం త్వరగా విరుగుతుంది, మసి పెరగడానికి దారి ఏర్పడుతుంది. ఆక్సిజన్ తగ్గిస్తే మంట గరిష్ఠ ఉష్ణోగ్రత దిగుతుంది, మసి పుట్టే వేగం పడిపోతుంది. ఏది గెలుస్తుందో ఇంధనాన్ని బట్టి, కలిసే తీరును బట్టి ఉంటుంది. కాబట్టి "గాలిని వేడి చేస్తే మసి తగ్గింది" అని ఎవరైనా రిపోర్ట్ రాస్తే, ఆక్సిజన్ ఎంతో అడగండి. దయచేసి అడగండి.

ఇంకో మెలిక ఉంది. ఆక్సిజన్ తక్కువైతే పుట్టిన మసిని కాల్చేసే హైడ్రాక్సిల్ (మంటలో పుట్టే OH అనే చురుకైన కణం) కూడా తగ్గుతుంది. డీజిల్ ఇంజన్‌లో పొగను కొంత మళ్లీ సిలిండర్‌లోకి పంపితే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి, కానీ చాలాసార్లు మసి పెరుగుతుంది. ఫర్నేస్‌లో మసిని తగ్గించిన పలచదనమే ఇంజన్‌లో ఎందుకు పెంచింది? పుట్టుక, కాలిపోవడం, ఈ రెంటిలో దేని మీద ఎక్కువ దెబ్బ పడిందన్నదే తేల్చాలి. మరీ పలచగా, మరీ చల్లగా నడిపితే ఇంజన్‌లోనూ మసి పుట్టడమే ఆగిపోతుంది. మధ్యలో ఉన్న ఆ ఇరుకు ప్రాంతంలోనే మనకు తిప్పలు.

అందుకే నేను అడిగేది ఒక్కటే. మీ పట్టికల్లో ఉష్ణోగ్రత పక్కన ఆక్సిజన్ శాతం రాయండి, అది ద్రవ్యరాశిదా, ఘనపరిమాణానిదా కూడా రాయండి. గాలిలోనే ఒకటి 23, ఇంకొకటి 21. ఆ తేడా తెలియక ఒకరి ఫలితాలు ఇంకొకరి ఫలితాలతో పోల్చలేక పక్కన పెట్టేసిన పని ఎంతో ఉంది. మీలో బర్నర్లు నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే, మీ పాత రీడింగులు తీసి ఆ గడి నిండి ఉందో లేదో ఈ వారమే చూడండి.