తోకలో దాచుకున్న పురి

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో రెండు రకాల బల్లులున్నాయండి. ఒకటి అందరిళ్ళలోనూ ఉండేదే, ట్యూబులైటు పక్కన గోడని అంటిపెట్టుకుని ఉంటుంది. అది పలికితే మా అత్తయ్యగారు ఇప్పటికీ నేలమీద వేలితో కొట్టి "సత్యం, సత్యం" అంటారు. రెండోది మా అబ్బాయి హైదరాబాదులో చదువుకునేటప్పుడు కొనుక్కున్న లెపర్డ్ గెక్కో. జానెడు పొడుగు, పసుపుపచ్చని ఒళ్ళు, ఒళ్ళంతా నల్లచుక్కలు. పేరు చుక్కమ్మ. వాడికి ఉద్యోగం వచ్చి వెళ్తూ అమలాపురంలో మా దగ్గర వదిలాడు. మూడేళ్ళుగా దాని బాగోగులు నావే. ఇవాళ దాని జబ్బు గురించి చెబుతాను. ఇలాంటి ప్రాణుల్ని ఇప్పుడు మన పిల్లలు చాలామంది తెచ్చుకుంటున్నారు. వాళ్ళు చదువులకి వెళ్ళిపోతే చూసేది ఇంట్లో అమ్మానాన్నలే.

గోడబల్లికి కంటిరెప్పలుండవు, నాలికతో కళ్ళు తుడుచుకుంటుంది. చుక్కమ్మకి రెప్పలున్నాయి. నిద్రొస్తే చంటిపిల్లలా మూసుకుంటుంది. గోడ ఎక్కలేదు. దాని వేళ్ళకి అంటుకునే గుణం లేదు, గోళ్ళే ఉంటాయి. దాని సొంత నేల అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, మన దేశపు వాయవ్య మూల. అక్కడి ఎండిన రాతి గుట్టల్లో, బండల కింద సందుల్లో బతుకుతుంది. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్ 1854లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. అంతకి రెండేళ్ళ ముందు, 1852లో, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, మన కాలవలకి నీళ్ళు తెచ్చింది అదే. ఈ రెండు సంవత్సరాలూ పక్కపక్కన రాసుకున్నాక నాకు దాని జబ్బు సగం అర్థమైంది. నీళ్ళమధ్య ఉన్న మన ఊళ్ళోకి నీళ్ళెరగని ప్రాణిని తెచ్చి పెట్టాం. ఇక్కడ వానాకాలం గాల్లో తేమ 80 శాతం దాటుతుంది. దానికి అందులో సగం చాలు.

కిందటేడాది అక్టోబరులో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఎడతెగని వాన. రోజున్నర కరెంటు లేదు. చుక్కమ్మ గాజుపెట్టె కింద ఒక మూలన వేడిచ్చే మ్యాట్ ఉంటుంది. అది చల్లారిపోయింది. ముందురోజు రాత్రే అయిదు మీల్‌వార్మ్ పురుగులు తింది. మర్నాడు సాయంత్రం చూస్తే అవి ఎలా తిందో అలాగే కక్కేసి, పక్కనే కళ్ళు మూసుకుని పడుంది. ముట్టుకుంటే చల్లగా, తడి రాయిలా ఉంది.

అప్పుడు నేను చేసిన తప్పు దాచకుండా చెబుతాను, వింటున్నవాళ్ళు అది చెయ్యకూడదని. నీరసపడింది కదా అని గ్లూకోజు నీళ్ళు కలిపి దూదితో నోట్లో పిండబోయాను. నోరు తెరవకపోతే దవడ పక్కన నొక్కాను. బలవంతంగా పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే అదే ప్రాణం తీస్తుందని తర్వాత తెలిసింది. పైగా మన ఒళ్ళు తన వేడి తానే పుట్టించుకుంటుంది, బల్లి ఒళ్ళు అలా కాదు. కడుపు కింద వెచ్చదనం ఉంటేనే దానికి తిన్నది అరుగుతుంది. లేకపోతే లోపలే కుళ్ళుతుంది. చల్లబడిన బల్లికి తిండి పెడితే హాని చేసినట్టే.

మర్నాడు మెత్తని తువ్వాలు పరిచిన డబ్బాలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ గేదెకి సూది వేయిస్తున్న పెద్దాయన వంగి చూసి, "ఆయ్, ఇదేటండీ, బల్లికీ వైద్యమాండీ?" అన్నాడు. కాసేపు దాన్నే చూసి, "పాపం, డొక్కలు లాగేసిందండీ" అన్నాడు. గొడ్లని చూసినవాడి కన్ను. డొక్క ఎక్కడ లాగుతుందో ఆయనకి చెప్పక్కర్లేదు. డాక్టరుగారు నిజాయితీగా, వీటిమీద తనకి అనుభవం లేదన్నారు. రెట్ట పరీక్ష మాత్రం చేయించారు. అందులో నట్టల, అంటే కడుపులో పాముల, గుడ్లు కనిపించాయి. విశాఖలో తాబేళ్ళనీ పాముల్నీ చూసే ఒక డాక్టరుగారితో మా అబ్బాయి ఫోనులో మాట్లాడించాడు. ఆమె మొదట అడిగింది ఒకే మాట: "అమ్మా, తోక ఎంత లావుంది?"

మా పుట్టింటి వాకిట్లో గడ్డితాడు చుట్టి కట్టిన ధాన్యం పురి ఉండేది. దాని నడుం చూస్తే ఇంక ఎన్నాళ్ళ గింజలున్నాయో మా నాయనమ్మ చెప్పేసేది. ఈ బల్లికి తోకే పురి. తిన్న తిండిలో మిగిలింది కొవ్వుగా అక్కడ చేరుతుంది. తోక బలంగా ఉన్న ఆరోగ్యమైన బల్లి వారాల తరబడి తినకపోయినా తట్టుకుంటుంది. చలికాలంలోనూ, గుడ్ల సమయంలోనూ తిండి మానడం మామూలే. కాని తినకుండా తోక చిక్కిపోతోందంటే గింజలు అడుగంటాయన్నమాట. అందుకే తోక పట్టుకుని ఎత్తకూడదు. భయపడితే ఊడదీసుకుంటుంది, ఆ పొదుపంతా ఒక్క క్షణంలో పోతుంది.

చుక్కమ్మ తోక మెడకన్నా సన్నమైంది. వంటింట్లో మసాలాలు తూచే చిన్న డిజిటల్ త్రాసుమీద పెడితే 46 గ్రాములు. ఆగస్టులో మా అబ్బాయి తూచినప్పుడు 61. నెలకోసారైనా తూచి క్యాలెండరు మీద రాసుకోమని నేను అందరికీ చెప్పేది అందుకే. బల్లి మూలగదు. కళ్ళకి తెలిసేసరికే ఆలస్యమైపోతుంది.

విశాఖ డాక్టరుగారు చెప్పిన వరస ఇది: ముందు వేడి, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే తిండి. పెట్టెలో వెచ్చని మూల నేల 32 డిగ్రీలు, రెండో మూల 25 దగ్గర. చెయ్యి పెట్టి చూస్తే చాలదు, థర్మామీటరు ఉండాలి. వేడి హద్దు దాటితే ఆపే థర్మోస్టాటు కూడా ఉండాలి. లేకపోతే పొట్ట కాలిపోతుంది. కరెంటు పోతే సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. ఇప్పుడు ఆ మ్యాట్ ఇన్వర్టరు మీదే నడుస్తోంది.

నట్టల మందు ఫెన్‌బెండజోలే. మన గేదెలకీ అదే పోస్తారు. పేరు ఒకటే కదా అని పాకలో ఉన్న సీసా తియ్యకండి. 46 గ్రాముల ప్రాణికి చుక్కలో ఎన్నో వంతు వెయ్యాలో డాక్టరే లెక్కకట్టాలి. అలాగే పశువులకి వేసే ఐవర్‌మెక్టిన్ తాబేళ్ళకి విషం, ఇంట్లో తాబేలుంటే మరీ జాగ్రత్త.

ఒంట్లో సత్తువ లేక కుబుసం కూడా సరిగా విడవలేదు. మామూలుగా తెల్లని పలచటి పొరలా విడిచి తానే తినేస్తుంది. ఈసారి వేళ్ళ చివర్లలో మిగిలిపోయింది. భూతద్దం పెట్టి చూస్తే కుడికాలి మూడో వేలికి చుట్టూ తెల్లటి దారం గట్టిగా కట్టినట్టుంది, దాని ముందు భాగం నల్లబడింది. ఆ దారం రక్తాన్ని ఆపేస్తుంది. పెరుగు డబ్బా మూతలో గోరువెచ్చని నీళ్ళు గోరులోతు పోసి, పావుగంట అందులో నిలబెట్టి, తడిపిన దూదిపుల్లతో ఆ పొరని వేలి కొస వైపుకి మెల్లగా తోసేదాన్ని. లాగకూడదు. మా ఆయన టార్చిలైటు పట్టేవారు. నాలుగు రోజులకి అన్నీ వచ్చాయి, ఆ ఒక్క వేలి కొస మాత్రం దక్కలేదు. తర్వాత తడి నాచు పెట్టిన చిన్న గుహ లాంటి డబ్బా ఒకటి అమర్చాం, కుబుసం వేళకి అందులో దూరుతుంది. ఊరంతా తడిగా ఉన్నా మ్యాట్ వేడికి పెట్టెలో ఆ మూల ఎండిపోతుంది మరి.

అమ్మిన కొట్టువాళ్ళు ఎడారి జీవి కాబట్టి ఇసుక పొయ్యమన్నారట. మా ఆయన గోదావరి ఇసుక జల్లించి, కడిగి, ఎండబెట్టి పోశారు. ప్రేమతో చేసిన పనే. కాని పురుగుతోపాటు ఇసుక లోపలికి పోయి పేగు అడ్డుకుంటుంది. ఒంట్లో కాల్షియం తక్కువైతే ఇసుకని కావాలనే నాకుతుంది కూడా. ఇప్పుడు పాత గచ్చుపలకలు పరిచాం.

తిండి సంగతి మన ప్రాంతంవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. పొలంగట్టు మీద మిడతలు దొరుకుతాయి కదా అని పట్టి వెయ్యకండి. వరికి కొట్టిన మందు వాటి ఒంట్లో ఉంటుంది. మిణుగురుల్లో బల్లుల్ని చంపే విషమున్న రకాలున్నాయి. పెంచిన కీచురాళ్ళే మేలు. వాటికి ముందురోజు మునగాకు మేపి, వేసేముందు కాల్షియం పొడి అద్దుతాను. డాక్టరు చెప్పిన లెక్కలో విటమిన్ డి3 కూడా. అవి లేకపోతే ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకర్లు పోతాయి, దవడ రబ్బరులా వంగుతుంది. తినని కీచురాయిని రాత్రంతా పెట్టెలో వదలకూడదు, నీరసంగా ఉన్న బల్లిని అదే కొరుకుతుంది. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వాటి రెట్టలో ఉండొచ్చు, చంటిపిల్లలకి ప్రమాదం.

పదకొండో రోజు రాత్రి, కార్తీకమాసం దీపం పెట్టి లోపలికొచ్చాను. చుక్కమ్మ వెచ్చని పలకమీద తల ఎత్తి ఉంది. పట్టకారుతో చిన్న కీచురాయిని చూపించాను. తోక కొస సన్నగా వణికింది. వేట ముందు దానికున్న అలవాటు అది, నేను మరిచేపోయాను. పట్టుకుంది, రెండుసార్లు నమిలి మింగి, పెదాలు నాక్కుంది. ఇంకోటి పెట్టాలని చెయ్యి లాగింది కాని డాక్టరుగారి మాట గుర్తొచ్చి ఆగాను. మూడో రోజుదాకా ఇంకోటి వెయ్యలేదు.

మొన్న ఆదివారం తూచాను. 57 గ్రాములు. తోక మెడంత అయింది.

సెలవండి, నమస్కారం.