ఎవరు వద్దన్నారు?

శ్రోతలకు నమస్కారం.

ఎనభై దాటిన పెద్దావిడ దగ్గర కూర్చుని "మీరు ఏం సాధించారు?" అని అడగండి. "నాదేముంది, అందరితో పాటే నేనూ" అని ఊరుకుంటారు. "మిమ్మల్ని ఎవరు వద్దన్నారు?" అని అడిగి చూడండి. కూర్చున్న తీరే మారిపోతుంది.

ఈ ప్రశ్న, నిజాం పాలన మీదా దొరల మీదా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మల్లు స్వరాజ్యం గారి జ్ఞాపకాల వల్ల నాకు తట్టింది. ఆమె 1931లో నల్గొండ జిల్లా కరివిరాల కొత్తగూడెంలో, భూస్వాముల ఇంట పుట్టారు. తుపాకీ పట్టారనీ, పోరాట దళంలో రాజక్క అనే మారుపేరుతో తిరిగారనీ, ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టారనీ చాలామంది చెబుతారు. నేను బియ్యం సంగతి చెబుతాను.

అప్పటికి ఆమెకు పదేళ్లో పదకొండేళ్లో. వెట్టిని రూపుమాపాలని, తెలంగాణలో ప్రజల కోసం పనిచేసే ఆంధ్ర మహాసభ అనే సంస్థ పిలుపునిచ్చింది. వెట్టి అంటే కూలి లేని చాకిరీ. పొద్దంతా దొర పని చేసి, సాయంత్రం ఖాళీ చేతులతో ఇంటికి పోవడం. ఆ పిల్ల ఉపన్యాసం ఇవ్వలేదు. ఇంట్లో బియ్యం తీసి వెట్టివాళ్లకు ఇచ్చింది. ఏ కులమని చూడలేదు. ఇంట్లో పెద్దలు వద్దన్నారు. ఆమె వినలేదు. అది వాళ్లకు రావలసిన వాటా అంది. దానం కాదు, వాటా! దానమని ఉంటే ఆ పెద్దలే మురిసిపోయేవారేమో. ఆ తర్వాత చుట్టుపక్కల వెట్టివాళ్లు తమ పనికి కూలి అడగడం మొదలుపెట్టారు.

1951లో సాయుధ పోరాటం ఆగింది. అడవుల్లో తిరిగిన ఆడవాళ్లను ఇక ఇళ్లకు వెళ్లమన్నారు. స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం వారు ఆ స్త్రీల మాటలు సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చారు. అందులో ఈ బాధ వినిపిస్తుంది. ఈసారి వద్దన్నది దొరలు కాదు, సొంత మనుషులు. దొరను ఎదిరించడం కన్నా ఇదే కష్టమని నాకనిపిస్తుంది. స్వరాజ్యం గారు మాత్రం 1978లో, మళ్లీ 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. 2022 మార్చిలో కన్నుమూశారు.

గడియారం తొందరపెడుతోంది. ఒక్క పని చెప్పి ముగిస్తాను. మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే, ఈ వారమే ఫోనులో రికార్డింగు పెట్టి ఆ ప్రశ్న అడగండి. అడిగాక మీరు మాట్లాడకండి. ఆవిడ కాసేపు మౌనంగా ఉంటారు. ఆ మౌనాన్ని తుంచకండి. తారీఖులు సరిదిద్దకండి, అవి తర్వాత చూసుకోవచ్చు.

మా పెద్దమ్మను నేనూ అడిగాను. చాలాసేపు పలకలేదు. చివరికి, "అది ఆపెయ్యి, చెబుతాను" అంది. ఆపాను. గంటన్నర చెప్పింది. మర్నాడు తనే పిలిచి, "ఇప్పుడు పెట్టు" అంది.