ఎన్ని చోట్ల అప్పు?

శ్రోతలందరికీ నమస్కారం.

2019లో జాతీయ నమూనా సర్వే వాళ్లు దేశమంతటా రైతుల ఇళ్లకు వెళ్లి అప్పుల లెక్క అడిగారు. దేశం మొత్తమ్మీద నూటికి 50 రైతు కుటుంబాలకు అప్పుందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93, తెలంగాణలో దాదాపు 92. సగటున ఒక్కో కుటుంబం మీద ఆంధ్రాలో 2 లక్షల 45 వేల రూపాయలు, తెలంగాణలో లక్షా 52 వేలు. దేశం సగటు 74 వేలే. తెలుగు రైతు అప్పుల ఊబిలో ఉన్నాడనడానికి అందరూ చూపించేది ఈ అంకెలనే.

అదే సర్వేలో నాగాలాండ్‌లో అప్పున్న రైతు కుటుంబాలు నూటికి ఏడు కూడా లేవు. అంతమాత్రాన నాగాలాండ్ రైతు మనకన్నా పదమూడు రెట్లు సుఖంగా ఉన్నాడనుకుందామా? అప్పు కావాలంటే ముందు అది పుట్టాలి కదా. మన పల్లెల్లో సహకార సంఘముంది, గ్రామీణ బ్యాంకుంది, డ్వాక్రా గ్రూపుంది, బంగారం మీద లోనుంది, ఎరువుల కొట్లో ఖాతా ఉంది. ఇన్ని చోట్ల పుడుతుంది కాబట్టి ఇంతమందికి ఉంది. అందుకని ఒక ఇంటికి అప్పుందా లేదా అని అడిగితే, ఆ ఇంటి కష్టం గురించి తెలిసేది కొంతే. ఇల్లు కుంగిపోతోందని దేన్ని చూసి చెప్పాలి? ఈ ప్రశ్న మీద గత ఇరవై ఏళ్లలో మంచి పరిశోధన జరిగింది. అందులో కొంత మన హైదరాబాద్ బస్తీల్లోనే జరిగింది.

ముందు చిన్న వ్యాపారుల సంగతి. తోపుడు బండి మీద కూరగాయలు అమ్మే మనిషికి డైలీ ఫైనాన్స్ సాధారణంగా ఈ పద్ధతిలో ఇస్తారు. కాగితం మీద 10 వేలు. చేతికొచ్చేది 8,500, మిగతా 1,500 ముందే పట్టుకుంటారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. పైకి చూస్తే నూటికి పదిహేనేగా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు కరిగిపోతుంటుంది. ఆ వంద రోజుల్లో సగటున మనిషి వాడుకునేది తీసుకున్నదాంట్లో సగమే. సరిగ్గా లెక్క కడితే ఏడాదికి 120 శాతం పడుతుంది. మన వాడుకలో చెప్పాలంటే పది రూపాయల వడ్డీ. పది రూపాయల వడ్డీకి ఇస్తానంటే ఎవరైనా వెనకాడతారు. రోజుకు వందే అంటే మాత్రం అది టీ, టిఫిన్ ఖర్చులా కనిపిస్తుంది.

చెన్నై మార్కెట్లలో ఇంకా ఖరీదైన అప్పుంది. పొద్దున సరుకు కొనడానికి వెయ్యి తీసుకుని, సాయంత్రానికి దాదాపు యాభై కలిపి తిరిగిచ్చేయాలి. మర్నాడు పొద్దున మళ్లీ తీసుకోవాలి. ఇలాంటి చిల్లర వర్తకుల మీద డీన్ కార్లన్, సెంధిల్ ములైనాథన్, బెంజమిన్ రాత్ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. చెన్నైతో పాటు ఫిలిప్పీన్స్‌లో రెండు చోట్ల కొంతమందిని ఎంచుకుని, వాళ్ల వడ్డీ వ్యాపారికి కట్టాల్సిన బాకీని తామే పూర్తిగా తీర్చేశారు. మళ్లీ అడగని డబ్బు, ఉచితంగా. ఏమైందనుకున్నారు? ఎక్కువమంది ఆరు వారాల్లోపే మళ్లీ అప్పులోకి వెళ్లారు. ఏడాది, రెండేళ్లు గడిచాక చూస్తే, అప్పు తీర్చిపెట్టిన వాళ్లకూ తీర్చని వాళ్లకూ తేడా లేదు. ఈ ఫలితాలు 2019లో అచ్చయ్యాయి.

ఇది వినగానే కొందరు తలూపుతారు, అప్పు చేయడం వాళ్లకు అలవాటండీ అంటారు. నాకు అలా అనిపించదు. పాత బాకీ తీరింది గానీ, ఆ బాకీ పుట్టడానికి కారణం అలాగే ఉంది. ఒక పూట వాన పడితే టమాటాలు కుళ్లిపోతాయి. పిల్లాడికి జ్వరమొస్తే ఆ రోజు బండి బయటికి రాదు. పక్కన పెట్టుకున్న సొమ్ము లేదు. అప్పు సున్నాకు వచ్చినా నిల్వ కూడా సున్నాయే. ఆ స్థితిలో మొదటి దెబ్బ తగలగానే కాళ్లు పాత దారే పడతాయి.

రైతుల విషయంలోనూ ఇలాంటిదే కనిపించింది. 2008లో కేంద్ర ప్రభుత్వం పెద్ద రుణమాఫీ చేసింది. రెండు హెక్టార్ల లోపు రైతులకు పూర్తి మాఫీ, అంతకు మించిన వాళ్లకు నాలుగో వంతు. మార్టిన్ కాంజ్ అనే ఆర్థికవేత్త గుజరాత్‌లో ఆ రైతుల దగ్గరికి వెళ్లి చూస్తే, మాఫీ పొందినవాళ్లు పొలం మీద పెట్టుబడి పెంచలేదు, పైగా తగ్గింది. బ్యాంకు మళ్లీ ఇవ్వదేమోనన్న బెంగతో బయటి అప్పు మీద ఎక్కువ ఆధారపడ్డారు. మన కౌలు రైతుకైతే మాఫీ దాకా పోయే అవకాశమే తక్కువ. పంట రుణం భూమి ఎవరి పేరునుంటే వాళ్లకు వస్తుంది, కౌలుదారు బాకీ పురుగుమందుల కొట్లోనో కమీషన్ వ్యాపారి దగ్గరో ఉంటుంది. కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే చట్టం వచ్చింది. కార్డు చేతికొచ్చినంత మాత్రాన బ్యాంకు తలుపు తెరుచుకోదని కౌలు చేసినవాళ్లెవరైనా చెబుతారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే పరిశోధన చెబుతాను. ఇది సింగపూర్‌లో జరిగింది. అక్కడ ఒక ధర్మసంస్థ తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఒకసారి సాయం చేసి పాత బకాయిలు తీర్చింది. కరెంటు బిల్లు, ఇంటి వాయిదా, ఫోను బిల్లు లాంటివి. 196 మందిని సాయానికి ముందూ, ఆ తర్వాతా పరిశోధకులు పరీక్షించారు. బాకీలు తీరాక వాళ్ల ఆందోళన తగ్గింది, దృష్టి నిలిపి ఆలోచించే శక్తి పెరిగింది. ఇందులో వింతేమీ లేదు. అసలు సంగతి ఏమిటంటే, ఎన్ని డాలర్లు తీరాయన్న దానికన్నా ఎన్ని ఖాతాలు మూతపడ్డాయన్నదాన్ని బట్టే ఈ మార్పు ఎక్కువగా వచ్చింది. ఒక పెద్ద బాకీలో కొంత తగ్గించడం కన్నా, రెండు మూడు చిన్న బాకీలను పూర్తిగా తుడిచేస్తే మనసుకు ఎక్కువ ఊపిరాడింది.

మన ఊళ్లలో చూడండి. నలుగురి దగ్గర చేబదులు, ఒక చోట ప్రామిసరీ నోటు, గ్రూపు లోను, వారం వాయిదా, తాకట్టులో గొలుసు. మొత్తం కలిపితే లక్ష కూడా కాకపోవచ్చు. కానీ ఒక్కోదానికి ఒక్కో తేదీ, ఒక్కోదానికి ఒక్కో మనిషికి ముఖం చాటెయ్యాలి. ఇన్ని గుర్తుపెట్టుకుంటూ బతికే మనిషి బుర్ర ఎంత అలసిపోతుందో తమిళనాడు చెరకు రైతుల మీద జరిగిన పరీక్షలో బయటపడింది. 464 మందికి కోతకు ముందొకసారి, డబ్బు చేతికొచ్చాక ఇంకోసారి తర్కం పరీక్ష పెట్టారు. కోతకు ముందు, అంటే తాకట్లూ అప్పులూ ఎక్కువగా ఉన్న నెలల్లో, అవే మెదళ్లు తక్కువ మార్కులు తెచ్చుకున్నాయి. 2013లో ఇది ప్రచురితమైంది. అప్పులవాడికి తెలివి లేదని ఎగతాళి చేసేవాళ్లు దీన్ని చదివితే బాగుండును.

ఈ వెలుగులో 2010ని మళ్లీ చూడాలి. ఆ అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద, అంటే పేదల గ్రూపులకు చిన్న చిన్న అప్పులిచ్చే సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వారం ఇంటి ముందుకొచ్చి నిలబడే వసూళ్లు, ఒకరు కట్టకపోతే గ్రూపంతా కట్టాలనే ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు, అన్నీ దానికి దారితీశాయి. కానీ అంతకు ముందు ఏడాది సెంటర్ ఫర్ మైక్రో ఫైనాన్స్ అనే పరిశోధన సంస్థ రాష్ట్రంలోని పల్లెల్లో చేసిన సర్వేలో మైక్రోఫైనాన్స్ అప్పున్న ఇళ్లు నూటికి 11 మాత్రమే. వడ్డీ వ్యాపారుల దగ్గర, తెలిసినవాళ్ల దగ్గర బయటి అప్పున్నవి 82. ఒక ఇంటికి పాత అప్పులు ఆరున్నాయనుకుంటే, వాటి మీద మైక్రోఫైనాన్స్ ఏడోదిగా వచ్చి చేరింది, అది వారానికోసారి తలుపు తట్టింది. వేధింపు నిజమే, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. మిగతా ఆరింటి సంగతి మాత్రం ఏ ఆర్డినెన్సూ అడగలేదు.

అలాగని మైక్రోఫైనాన్స్ బతుకుల్ని మార్చేసిందా అంటే, అదీ లేదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్తల బృందం హైదరాబాద్‌లోని 104 బస్తీల్లో ఏళ్ల తరబడి పరిశీలించి, అప్పటికే వ్యాపారం ఉన్న కొందరికి కాస్త పనికొచ్చిందని, ఇంటి ఖర్చుల స్థాయిలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదని తేల్చింది. ఇంకో చిత్రం ఉంది. ఆర్డినెన్స్ తర్వాత ఇక్కడ వసూళ్లు ఆగి ఆ సంస్థలు దెబ్బతిన్నాక, వేరే రాష్ట్రాల్లోనూ అవి అప్పులివ్వడం తగ్గించాయి. ఆ జిల్లాల్లో రోజు కూలీ రేటు పడిపోయిందని ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ లెక్క తేల్చారు. అప్పు ముఖమే చూడని కూలీకి కూడా ఆ దెబ్బ తగిలింది.

2022లో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు పెట్టింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. మంచి నియమమే. అయితే ఎవరికి ఎంత అప్పుందో నమోదు చేసే క్రెడిట్ బ్యూరోలో చేబదులు కనబడదు, డైలీ ఫైనాన్స్ కనబడదు, చీటీ పాట బాకీ కనబడదు. వచ్చే సర్వేల్లో అప్పు ఎంత అన్న గడి పక్కన మరో మూడు గడులుండాలని నా కోరిక. ఎంతమందికి కట్టాలి, ఈ ఏడాది అప్పు తీర్చడానికి అప్పు చేశారా, వాయిదా కోసం ఏ పూటైనా తిండి తగ్గించారా?

చివరగా, ఇబ్బందిలో ఉన్నవాళ్లకు పనికొచ్చే నాలుగు మాటలు. మైక్రోఫైనాన్స్ వసూలు మనిషి పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోను చేయకూడదు, దుర్భాషలాడకూడదు. చేస్తే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు దగ్గరుంచుకోండి. 30 రోజుల్లో సమాధానం రాకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అధికారి, అంటే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఎలా వెళ్లాలో 14448 నంబరుకు ఫోను చేస్తే చెబుతారు. అప్పుల బెంగతో నిద్ర పట్టడం లేదంటే, బతకాలనిపించడం లేదంటే, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416. రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.