కెమెరా చూడని నూరేళ్ళు

శ్రోతలకు నమస్కారం.

గుంటూరు జిల్లాలో తెనాలి ప్రాంతాన గుడివాడ అనే ఊరుంది. కృష్ణా జిల్లా గుడివాడ కాదు, ఇది చిన్న పల్లె. వంట వీడియోలతో లోకానికి తెలిసిన ఆ ఊరి అవ్వ కర్రె మస్తానమ్మ 2018 డిసెంబరులో కన్నుమూస్తే విదేశీ పత్రికలు సైతం ఆ వార్త వేశాయి. ఆమె వయసు 106 అని కొందరు రాశారు, 107 అని మరికొందరు. పుట్టిన తేదీ రాసి పెట్టిన కాగితం లేదు మరి. జనన మరణాల నమోదును దేశమంతటా తప్పనిసరి చేసిన చట్టం వచ్చిందే 1969లో. అప్పటికి మస్తానమ్మ ముసలితనంలో అడుగు పెట్టేసింది.

మన పల్లెల్లో పెద్దవాళ్ళను వయసు అడిగి చూడండి. అంకె చెప్పరు, ఆనవాలు చెబుతారు. బెజవాడ ఆనకట్ట తెగిన ఏడు నా పెళ్ళయింది అంటారు. ఉప్పెన నాటికి చంటివాడు చంకలో ఉన్నాడంటారు. లెక్క మనం కట్టుకోవాలి. మస్తానమ్మ పుట్టింది 1911 అనుకుంటే అది విరోధికృత్ సంవత్సరం. అరవై ఏళ్ళ చక్రం ఒక చుట్టు పూర్తిగా తిరిగి 1971లో మళ్ళీ విరోధికృత్ వచ్చింది. ఆ తరువాత కూడా ఆమె మరో నలభై ఏడేళ్ళు బతికింది. 1952లో ఆనకట్టకు గండి పడినప్పుడు నలభై దాటిన మనిషి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు అరవై ఆరేళ్ళ అవ్వ.

పెళ్ళి పదకొండో ఏట జరిగింది. ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు నిండాలన్న శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చేసరికి ఆమె కాపురం చేస్తోంది. ఇరవై రెండేళ్ళకు భర్త పోయాడు. అయిదుగురు బిడ్డల్లో నలుగురిని పోగొట్టుకుంది. ఒక్క కొడుకు మిగిలాడు. ఆమె పుట్టిన కాలంలో మన దేశంలో సగటు ఆయుర్దాయం పాతికేళ్ళు కూడా లేదని జనాభా లెక్కలు చెబుతాయి. అంటే సగటు మనిషి బతుకు ముగిసే వయసులో ఈవిడ విధవరాలై, చేతిలో పిల్లలతో, కూలికి బయలుదేరింది.

కృష్ణా పశ్చిమ డెల్టాలో కూలి అంటే ఏమిటో ఈ తరం శ్రోతలకు కాస్త చెప్పాలి. కాలువలకు నీళ్ళు వదలగానే నారుమళ్ళు, ఆ తరువాత మోకాటి లోతు బురదలో ఊడ్పులు. వంచిన నడుము సాయంత్రానికి గాని ఎత్తేది లేదు. పాట పాడుతూ నాటేవారని మనం ముచ్చటగా చెప్పుకుంటాం గాని, ఆ పాట సగం నడుము నొప్పి మరిచిపోవడానికే. తరువాత కలుపుతీత, కోత, కుప్పలు, నూర్పిళ్ళు. వరి కోసిన మాగాణిలో మినుమో పెసరో ఉంటే అదీ పీకాలి. కూలి చాలాచోట్ల గింజల రూపంలోనే కొలిచేవారు. కొలిచిన వడ్లను ఇంటికి తెచ్చి, దంచి, చెరిగి, అప్పుడు పొయ్యి రాజేయాలి. ఇలాంటి పని ఆమె దశాబ్దాల తరబడి చేసింది. అప్పుడు ఫొటో తీసినవాళ్ళు లేరు. ఆ ఏళ్ళ గురించి మనకు దక్కింది నాలుగు వాక్యాలే, ఇందాక నేను చెప్పినవి.

కెమెరా వచ్చింది 2016లో. మునిమనుమడు, అతని స్నేహితుడు కలిసి ముత్తవ్వ వండుతుండగా వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. మొదటిది వంకాయ కూర. ఆ చానెల్‌కు కంట్రీ ఫుడ్స్ అని పేరు పెట్టారు. రెండేళ్ళు తిరిగి ఆమె వెళ్ళిపోయేనాటికి దానికి చందాదారులు పన్నెండు లక్షలు దాటారు. పుచ్చకాయ పైభాగం కోసి, గుజ్జు తీసి, అందులో మసాలా పట్టించిన కోడిమాంసం పెట్టి నిప్పుల మీద కాల్చిన వీడియోను కోటి సార్లకు పైగా చూశారు. ఈము గుడ్డుతోనూ వండింది. పుచ్చకాయలో కోడి మన వంట కాదు, ఆమె చిన్నప్పటి వంట అసలే కాదు. పిల్లలు అడిగారు, చేసింది. వందేళ్ళ మనిషి కొత్త వంటకు సరేననడమే నాకు ఆ వంటకన్నా రుచిగా తోచింది.

రేడియోలో చేతులు చూపించలేను గనక మాటల్లో చెబుతాను. ఆరుబయట, మట్టి మీద చతికిలబడి కూర్చుంటుంది. ముడతలు పడ్డ సన్నని చేతులు, ముంజేతికి గాజులు. అల్లం పొట్టు తీయడానికి కత్తి వెతకదు, గోటితోనే గీకేస్తుంది. ఉప్పు, కారం, పసుపు చేతికి వచ్చినంత. మంట ఎక్కువైతే కట్టె వెనక్కి లాగుతుంది, తగ్గితే ముందుకు తోస్తుంది. అంతా కూలి నుంచి తిరిగొచ్చి చీకటి పడేలోగా వండి పెట్టాల్సిన ఆడమనిషి చేతివాటం. చూసినవాళ్ళు దాన్ని నైపుణ్యం అన్నారు. నాకు మాత్రం అందులో తొందర కనబడుతుంది, ఎన్నడో అలవాటైపోయిన తొందర.

చూడడానికి వచ్చినవాళ్ళు నూరేళ్ళ మనిషిని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంతకాలం బతకడానికి రహస్యమేమిటమ్మా అని. ఆ ప్రశ్న వింటే నాకు చిరాకు. రాగిసంకటి, చద్దన్నం, శారీరక శ్రమ అని జవాబు ముందే సిద్ధం చేసుకుని వస్తారు. అదే తిండి తిని, అదే పొలంలో అదే పని చేసి, నలభై ఏళ్ళకే రాలిపోయిన ఆమె ఈడు ఆడవాళ్ళను ఎవరడగాలి? దీర్ఘాయుష్మంతురాలివి కమ్మని దీవిస్తాం. నలుగురు బిడ్డలను సాగనంపిన తల్లికి ఆ దీవెన ఎలా వినిపించి ఉంటుందో!

అయినా ఏడుపుగొట్టు మనిషి కాదు. వీడియోల్లో నవ్వుతుంది, హుషారుగా మాట్లాడుతుంది. వండాక వడ్డించి, తింటున్నవాళ్ళ ముఖాలు చూస్తుంది. ఆస్తి ఉన్న ఇంటి పెద్దావిడకు తాళపుచెవుల గుత్తి అధికారం. ఈమె నడుముకు ఏ గుత్తీ లేదు. అయినా ఆ పొయ్యి దగ్గర ఆమె మాటే చెల్లింది.

ఆ వీడియోలు చూడాలనుకునే శ్రోతలు పుచ్చకాయ కోడితో మొదలుపెట్టకండి. అది లోకం కోసం వండింది. వంకాయ కూర చూడండి. చూసేవాళ్ళు లక్షల్లో ఉంటారని తెలియకముందు, ఇంట్లో పిల్లవాడి కోసం వండిన కూర అది.

నమస్కారం.